మొప్పలపై దొరికిన చదును పురుగు కొత్త జాతేనని ఎలా నిర్ధారించుకోవాలి?

భైరవపాలెం దగ్గర పట్టిన పండుగప్ప మొప్పలపై దొరికిన మోనోజీనియా (చేపలను అంటిపెట్టుకొని బతికే చదును పరాన్నజీవులు) పురుగుల కొక్కేల కొలతలు పాత వర్ణనకు సరిపోవడం లేదనీ, వాటిని కొత్త జాతిగా ప్రకటించవచ్చా అనీ అడిగారు. కొలతల తేడా ఒక్కటే ఆధారమైతే ఇప్పుడే ప్రకటించవద్దని నా మనవి. పరిశోధక విద్యార్థిగా కాకినాడ రేవులో చేపలు కొని పరిశీలించే రోజుల్లో నేను సరిగ్గా అక్కడే పొరబడ్డాను.

నా దగ్గరున్న ఆరు పురుగులూ రాత్రంతా ఐసులో ఉన్న చేపవి. అవి చచ్చి మెత్తబడి ఉండగా నేను కవర్‌స్లిప్‌ను (స్లైడుపై కప్పే పలుచని గాజు బిళ్లను) గట్టిగా నొక్కడంతో కొక్కేలు ఒరిగిపోయాయి; కొక్కెం కొద్దిగా ఒరిగినా సూక్ష్మదర్శినిలో పొట్టిగా కనిపిస్తుంది. చేపలమ్మే ఆవిడ మొప్ప ఎత్తి ఎర్రదనం చూపించేది, మనకూ అదే మొదటి పరీక్ష. అలా తెల్లవారుజామున వల నుంచి దించిన చేపనే ఎంచుకొని, బతికున్న పురుగులను తీసి మళ్లీ కొలిచేసరికి ఆ తేడా కాస్తా పోయింది. ఒకే గంపలో వేరే చేపలతో కలిసి ఉన్నదాన్ని మాత్రం తీసుకోకండి, పక్క చేప పురుగు అంటుకొని రావచ్చు.

వెనుక భాగంలో రెండు జతల పెద్ద కొక్కేలు, 14 చిన్న కొక్కేలు, పొలుసుల వరుసల్లాంటి, మొప్పను పట్టుకునే బిళ్లలు కనిపిస్తే అది డిప్లెక్టానిడే కుటుంబమని చెప్పవచ్చు. జాతిని తేల్చడానికి మాత్రం పురుష జననాంగపు గట్టి నాళం ఆకారాన్ని, యోని నిర్మాణాన్ని ఆయిల్ ఇమ్మర్షన్ కటకం (నూనె చుక్క వేసి బాగా పెద్దదిగా చూసే కటకం) కింద ఓపికగా గీసుకోవాలి. గట్టి భాగాలకు అమ్మోనియం పిక్రేట్–గ్లిజరిన్‌లో కొన్ని స్లైడ్లు, మెత్తటి అవయవాలకు కార్మైన్ రంగు వేసిన కొన్ని, 28ఎస్ జన్యుక్రమానికి (జాతులను పోల్చడానికి చదివే డీఎన్‌ఏ భాగం) ఆల్కహాల్‌లో కొన్ని పురుగులు ఉంచుకోండి. ఫార్మలిన్‌లో పెట్టినవి డీఎన్‌ఏ పనికి దాదాపు పనికిరావు.

పాత పేర్లనూ వెతకండి. పండుగప్ప మొప్పల నుంచి త్రిపాఠి 1957లో డిప్లెక్టానమ్ లాటెసిగా వర్ణించిన జాతి 2006లో లాటికోలా ప్రజాతిలోకి మారింది; ఒక్క పేరుతోనే వెతికితే రెండోది తప్పిపోతుంది. ఇవన్నీ చూశాక కూడా జననాంగపు తేడా పలు చేపల నుంచి తీసిన పురుగుల్లో నిలకడగా కనిపిస్తే, అప్పుడు హోలోటైప్‌ను (కొత్త జాతి పేరుకు ఆధారంగా ఎంచిన ఒక్క నమూనాను) కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వంటి సంగ్రహాలయంలో జమచేసి, ఆ నమోదు సంఖ్యతోనే వ్యాసం పంపండి.