హెడర్‌కి పెయింటా, సిరామిక్కా, టేపా? శ్రీకాకుళం నుంచి నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: పాత జిప్సీకి మైల్డ్ స్టీల్ హెడర్ (ఇంజిన్ నుంచి పొగను సైలెన్సర్ వైపు తీసుకెళ్లే పైపులు) కొత్తగా చేయించారు, బండి విజయనగరంలో తిరుగుతుంది, తుప్పు పట్టకుండా హీట్‌ప్రూఫ్ పెయింట్ వేయాలా, సిరామిక్ కోటింగ్ చేయించాలా, హీట్ టేప్ చుట్టాలా అని. మాది శ్రీకాకుళం. నా పాత ఎస్టీమ్ హెడర్ మీద ఈ మూడూ అయ్యాయి కాబట్టి చెబుతున్నాను.

టేప్ మాత్రం వద్దండీ. మనవైపు సముద్రపు గాలికి తోడు జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు. టేప్ ఆ తడిని పీల్చుకుని పైపుకే అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక వానాకాలం ఉంచి విప్పితే తుప్పు రేకులు రేకులుగా చేతిలోకి ఊడొచ్చింది. వారానికోసారి బయటికి తీసే బండికైతే ఇంకా నష్టం.

మామూలు పౌడర్ కోటింగ్ కూడా హెడర్‌కి పనికిరాదు. దాన్ని ఓవెన్‌లో ఆరబెట్టేదే 200 డిగ్రీల దగ్గర. సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్‌ను ఆనుకుని ఉన్న పైపు 500, 600 డిగ్రీలు కూడా దాటుతుంది. షాపులో దొరికే సిల్వర్ హీట్‌ప్రూఫ్ పెయింట్ చాలావరకు 600 డిగ్రీల రకం. వెనక సైలెన్సర్ పైపుకి అది చాలు. హెడర్‌కి మాత్రం అంతకంటే ఎక్కువ తట్టుకునే రకం చూడండి.

అయితే డబ్బా మీద రాసిన అంకె కన్నా, వేసే ముందు చేసే పనే ముఖ్యం. ఇది నేను నష్టపోయి తెలుసుకున్నాను. టేప్ విప్పాక జూలైలో హెడర్‌ని విశాఖ తీసుకెళ్లి శాండ్ బ్లాస్టింగ్ (ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు వదిలించడం) చేయించాను. తెల్లగా మెరిసిపోతోంది. గోనెసంచిలో చుట్టి బస్సులో ఇంటికి తెచ్చి, పొద్దున్న పెయింట్ వేద్దామని పక్కన పెట్టాను. తెల్లారి చూస్తే పైపంతా పల్చగా నారింజ రంగు. నేను ఉత్త చేతులతో పట్టుకున్న చోట వేలిముద్రలు విడివిడిగా కనిపిస్తున్నాయి. పైపైన ఎమెరీ పేపర్‌తో రుద్ది పెయింట్ కొట్టేశాను. రెండు నెలలకే పెచ్చులు లేచిపోయింది. బ్లాస్టింగ్ అయిన ఇనుము మన తేమకి ఒక్క రాత్రి కూడా ఆగదు.

రెండోసారి బ్లాస్టింగ్, సిరామిక్ కోటింగ్ రెండూ ఒకేచోట, ఒకే రోజు చేసేవాళ్లకే ఇచ్చాను. మీకూ నా సలహా ఇదే. ఖర్చు పెయింట్‌కి ఎన్నో రెట్లు అవుతుంది, కానీ మైల్డ్ స్టీల్ హెడర్‌కి ఆ డబ్బు పెట్టొచ్చు. మందంగా కొట్టమని మాత్రం అడగొద్దు. అది 25 నుంచి 50 మైక్రాన్ల పొర, మందం పెరిగితే పగిలి ఊడుతుంది. ఫ్లాంజ్ ముఖాలకి (హెడర్‌ని బోల్టులతో బిగించే చదునైన అంచులకి), ఆక్సిజన్ సెన్సర్ మర ఉంటే దానికీ కోటింగ్ పడకుండా మాస్కింగ్ టేప్ అంటించమని గట్టిగా చెప్పండి. గ్యాస్కెట్ కూర్చునే చోట కోటింగ్ పడితే లీకేజీ వస్తుంది. బానెట్ కింద వేడి కూడా కొంత తగ్గింది. పెయింట్‌తో ఆ లాభం ఉండదు, తుప్పు ఆపడం వరకే.

బడ్జెట్ లేక పెయింటే వేయాలనుకుంటే బ్లాస్టింగ్ చేయించిన రోజే, గ్లవ్స్ వేసుకుని, థిన్నర్‌తో తుడిచి, పల్చగా రెండు మూడు కోట్లు వేయండి. పూర్తిగా ఆరాక బిగించి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. చల్లారాక ఇరవై నిమిషాలు, మళ్లీ చల్లారాక అరగంట. ఇలా విడతలుగా కాలితేనే ఆ పెయింట్ గట్టిపడుతుంది. డబ్బా మీద వేరే పద్ధతి రాసి ఉంటే అదే పాటించండి. మొదటిసారి పొగ, వాసన వస్తాయి. టెన్షన్ పడొద్దు, బండిని మాత్రం షెడ్డులో కాకుండా ఆరుబయట పెట్టండి.

నా సిరామిక్ కోటింగ్‌కి ఇప్పటికి నాలుగు వానాకాలాలు గడిచాయి. తుప్పు ఒక్కచోటే ఉంది, బోల్టు బిగిస్తుండగా స్పానర్ జారి గీసుకున్న దగ్గర.