మెడ వెన్నులో గడ్డకు ఆపరేషన్ చేయిస్తే కాళ్లూ చేతులూ పడిపోతాయా?

మీ నాన్నగారికి మెడ దగ్గర వెన్నులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ అంటే ఇంట్లో అందరూ వద్దంటున్నారనీ రాశారు. మా అమ్మకు నాలుగేళ్ల కింద ఇదే అయింది. నన్నడిగితే ఆపరేషన్ కన్నా ఆలస్యానికే ఎక్కువ భయపడాలి.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. మా దగ్గర మెడ పట్టేసిందంటే చాలు, ‘ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు, అంతేలే’ అంటారు. అమ్మకూ ఏడాదంతా అదే మాట. ఆర్ఎంపీ దగ్గర సూదులు, ఇంకొకాయన దగ్గర మెడ తిప్పించడం, ఎక్స్‌రే తీసి ‘అరుగుదల’ అని మెడకు బెల్టు. ఆ మెడ తిప్పేవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ నరం మీద పెరిగే మెత్తటి గడ్డ కనిపించదు. ఫ్లోరైడ్‌తో ఎముక మందమెక్కి వెన్నుపామును నొక్కడమూ నిజమే. ఏది నొక్కుతోందో ఎమ్మారై తీస్తేనే కదా తెలిసేది!

పత్తి ఏరుతుంటే అమ్మ వేళ్లకు దూది చిక్కేది కాదు. ఒళ్లో సగం, నేల మీద సగం. ఓ సాయంత్రం గెట్టు మీద వస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. పది అడుగులు అట్లాగే నడిచింది. వెనక నుంచి ‘అమ్మా, చెప్పు!’ అని అరిస్తే కిందికి చూసుకుని, ‘ఉన్నదనుకున్న బిడ్డా’ అన్నది. మర్నాడే హైదరాబాద్ బస్సెక్కాం.

ష్వానోమా అన్నారు. నరం పొరలో పుట్టే గడ్డ, చాలావరకు క్యాన్సర్ కాదు. మెడ వెనక నుంచి కోసి, వెన్నుపూస ఎముక కొంత తీసి, వెన్నుపాము పొర తెరిచి, మైక్రోస్కోప్‌లో చూస్తూ గడ్డను వేరు చేశారు. నరాలు పనిచేస్తున్నాయో లేదో మిషన్‌లో చూసుకుంటూనే చేశారు. రిస్క్ లేదని నేననను, సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది. ఐసీయూలో డాక్టరు ‘నా వేలు గట్టిగ పట్టుకో అమ్మా’ అంటే అమ్మ పట్టుకుంది. అక్కడే ఏడ్చేశాను.

పట్టు తిరిగొచ్చింది, వేళ్ల కొసల్లో తిమ్మిరి మాత్రం పోలేదు. ఆ ఏడాది వృథా చేయకపోతే అదీ మిగిలేది కాదని నా గట్టి నమ్మకం.

గడ్డ వెన్నుపాము లోపల ఉందా, బయట ఉందా అన్నది డాక్టరును ముందు అడగండి, ఆపరేషన్ ఎంత కష్టమన్నది చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. ఈలోగా ఇంట్లో ఒకటి గమనించండి: నడుస్తుంటే చెప్పు జారితే నాన్నగారికి తెలుస్తోందా?