ప్లేటు మీద తెల్లటి పొడి: బూజా, బ్యాక్టీరియానా?

మట్టి నమూనా ప్లేటు మీద తెల్లటి పొడి కాలనీలు వచ్చాయి, బూజనుకుని పారేయాలా అని అడిగారు కదా. ఆగండి! ముందు సూదితో గీకి చూడండి. అగార్‌ను (ప్లేటులోని జెల్లీ లాంటి పోషక పదార్థాన్ని) పట్టుకుని తోలులా గట్టిగా ఉండి, తొలకరి మట్టి వాసన వస్తే అది చాలావరకు స్ట్రెప్టోమైసిస్ అనే, బూజులా పోగులుగా పెరిగే మట్టి బ్యాక్టీరియా. ఆ వాసన అది తయారుచేసే రసాయనం జియోస్మిన్‌ది. అలాగని ప్లేటును ముక్కు దగ్గర పెట్టుకోకండి, అది నోకార్డియా (అలాగే పోగులుగా పెరిగే మరో మట్టి బ్యాక్టీరియా) అయితే ఊపిరితిత్తులకు చేటు.

తర్వాత గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకు రంగు వేసే పరీక్ష) చేసి మైక్రోస్కోపులో నూనె చుక్క వేసి చూసే ఆయిల్ ఇమ్మర్షన్‌లో చూడండి. పోగు ఊదారంగులో, సుమారు 1 మైక్రోమీటరు మందమే ఉంటే బ్యాక్టీరియానే. బూజు పోగులు దానికి కొన్ని రెట్లు లావు. పోగులు తెగి కడ్డీల్లా విడిపోతుంటే నోకార్డియాను అనుమానించి, 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్ (ఎర్ర రంగు ఎక్కించి, ఆమ్లంతో కడిగినా నిలుస్తుందా అని చూసే పరీక్ష) చేయండి. నోకార్డియా కణం గోడలో మైకాలిక్ ఆమ్లాలు (మైనం లాంటి కొవ్వు ఆమ్లాలు) ఉండటంతో దానికి ఎరుపు కొంతైనా నిలుస్తుంది, స్ట్రెప్టోమైసిస్‌ పోగులకు నిలవదు. ప్రజాతిని ఖాయం చేయాలంటే మాత్రం బ్యాక్టీరియాను గుర్తుపట్టే జన్యువును చదివే 16ఎస్ సీక్వెన్సింగ్‌కు పంపండి.