‘ఆల్ ఇయర్స్’ అంటే ఒళ్లంతా చెవులేనా?

ప్రశ్న: ఉద్యోగం కోసం వెళ్లిన ఇంటర్వ్యూలో అధికారి పని వివరాలు చెప్పబోతుండగా నేను ‘ఐ యామ్ ఆల్ ఇయర్స్’ అన్నాను. అక్కడ అలా అనకూడదని మిత్రుడు అంటున్నాడు. ఈ మాటను ఎప్పుడు వాడాలి? తెలుగులో దీనికి సాటి వచ్చే పలుకుబడి ఉందా?

జవాబు: మీరు అన్నదాంట్లో వ్యాకరణ దోషం గానీ అర్థ దోషం గానీ లేదు. ‘మీరు చెప్పబోయేది ఎంతో ఆసక్తితో వినడానికి సిద్ధంగా ఉన్నాను’ అని దాని భావం. అయితే అది చనువున్నవారి మధ్య నడిచే మాట. స్నేహితురాలు ‘నీకో సంగతి చెప్పాలి’ అన్నప్పుడు అది ఎంత ఆత్మీయంగా వినిపిస్తుందో, తొలి పరిచయంలో పెద్ద హోదాలో ఉన్న వ్యక్తి ముందు అంత తేలికగా వినిపించే ప్రమాదం ఉంది. ఆ మేరకు మీ మిత్రుడి మాట సబబే. అక్కడ ‘ప్లీజ్ గో అహెడ్’ అంటే సరిపోయేది.

ఈ ప్రయోగం కొత్తది కాదు. 1634లో ప్రదర్శించిన ‘కోమస్’ అనే నాటికలో ఇంగ్లీషు కవి మిల్టన్ ఒక పాత్ర చేత తాను చెవిగా మారిపోయి గానాన్ని విన్నానని చెప్పించాడు. అక్కడ ‘ఆల్ ఇయర్’ అని ఏకవచనమే ఉంది. నేటి వాడుకలో మాత్రం వినేది ఒక్కరైనా ‘ఇయర్స్’ అని బహువచనమే చెప్పాలి. ‘ఆల్’ స్థానంలో ‘హోల్’ పెట్టినా, ‘ఆల్ ఇయర్స్ స్టూడెంట్’ అని నామవాచకానికి ముందు చేర్చినా పలుకుబడి చెడిపోతుంది.

తెలుగులో దీనికి సాటి రాగల మాట మనకు ముందే ఉంది: ‘ఒళ్లంతా చెవులు చేసుకుని వినడం’. రెండు భాషలూ ఒకే ఊహను అందుకోవడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. కానీ వాడుకలో తేడా ఉంది. ‘ఆమె ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నది’ అని మనం ఎక్కువగా ఇతరుల గురించి, జరిగినదాన్ని వర్ణిస్తూ అంటాం. ఇంగ్లీషువారు ఆ వర్ణనకే కాక, ఎదుటివారు నోరు తెరవకముందే ‘చెప్పండి’ అని ఆహ్వానించడానికి కూడా ఈ మాటను విరివిగా వాడతారు. అందువల్ల సంభాషణను అనువదించేటప్పుడు ‘నేను ఒళ్లంతా చెవులుగా ఉన్నాను’ అని రాస్తే కృతకంగా ఉంటుంది. ‘చెప్పు, వింటున్నాను’ అన్నదే సహజం.

‘చెవులు రిక్కించడం’ దీనికి దగ్గరగా కనిపించినా వేరు. ఏదో అలికిడి కాగానే ఉలిక్కిపడి దృష్టి అటు తిప్పడం అందులో ఉంది. దానికి ఇంగ్లీషులో ‘ప్రిక్ అప్ యువర్ ఇయర్స్’ అనే మాట సరిపోతుంది. ‘లెండ్ యాన్ ఇయర్’ అన్నప్పుడు ఎదుటివారి గోడు సానుభూతితో వినడమనే ఛాయ ఉంటుంది.

మరొక జాగ్రత్త అవసరం. ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వవలసిన మనిషితో, ‘ఆల్’ను ఒత్తి పలుకుతూ ఈ మాట అంటే, ‘ఏం చెబుతావో చెప్పు, చూద్దాం’ అనే ఎత్తిపొడుపుగా మారుతుంది. ముఖం కనిపించని ఫోన్ సందేశాల్లో ఆ అపార్థానికి మరింత ఆస్కారం ఉంది కనుక, మనస్తాపంలో ఉన్నవారికి రాసేటప్పుడు ‘ఐ యామ్ లిజనింగ్’ అని సూటిగా రాయడం మంచిది.