డయోడ్ ఎటు తిప్పినా పాట వస్తోందన్న అమ్మాయికి

తల్లీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. సూపర్‌హెట్ రేడియో (ఏ స్టేషన్‌నైనా ముందు ఒకే పౌనఃపున్యానికి మార్చుకునే రకం) సొంతంగా కట్టి, స్టేషన్ కూడా పట్టావంటే చాలా సంతోషం వేసింది. నువ్వడిగిన ప్రశ్న అంతకన్నా నచ్చింది. "డిటెక్టర్ డయోడ్‌ని ఎటు తిప్పి అతికినా పాట వస్తూనే ఉంది, మరి సర్క్యూట్‌లో ఒక వైపే ఎందుకు గీశారు?" అన్నావు. చివర్లో ఇంకో మాట కూడా రాశావు, దగ్గరి స్టేషన్ పెడితే గొంతు బొంగురుపోతోందని. ఆ రెండూ వేరువేరు సంగతులు కావు. రెండింటికీ జవాబు ఆ డయోడ్ దగ్గరే, అంటే రేడియో తరంగం నుంచి పాటను విడదీసే డిటెక్టర్ దగ్గరే ఉంది. టంకం కడ్డీ కాసేపు పక్కన పెట్టి, ఇది నిదానంగా చదువు.

ఐఎఫ్ (మధ్యస్థ పౌనఃపున్యం) దశలు దాటి వచ్చేసరికి నువ్వు పట్టిన స్టేషన్ 455 కిలోహెర్ట్జ్ తరంగంగా మారి ఉంటుంది. పాట దాని ఎత్తులో దాగి ఉంటుంది. పాట హెచ్చితే తరంగం ఎత్తు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. చిక్కేమిటంటే ఈ తరంగం సున్నా గీతకు పైన ఎంత ఉంటుందో కింద కూడా అంతే ఉంటుంది. పైన పాట పెరిగినప్పుడల్లా కింద కూడా అంతే పెరుగుతుంది, సగటు తీస్తే సున్నా. దాన్ని నేరుగా స్పీకర్‌కిస్తే ఏమీ వినిపించదు. డయోడ్ కరెంటుని ఒక వైపే, అంటే తరంగంలో ఒక సగాన్ని మాత్రమే పోనిస్తుంది కనుక ఆ పోనిచ్చిన సగానికి సగటు సున్నా కాదు, అది పాటతోపాటు ఎక్కి దిగుతుంది. పై సగం ఉంచుకున్నా, కింది సగం ఉంచుకున్నా పాట ఆకారం ఒకటే. అందుకే నీకు ఎటు తిప్పినా పాట వచ్చింది. అంతవరకూ నువ్వు గమనించింది నూటికి నూరుపాళ్లూ నిజం.

డయోడ్ తర్వాత ఉన్న చిన్న కెపాసిటర్‌నీ, వాల్యూమ్ కంట్రోల్‌నీ కలిపి చూడు. అడుగున చిన్న చిల్లున్న కుండలాంటిదా జంట. ప్రతి ఐఎఫ్ శిఖరానికీ డయోడ్ కాస్త పోస్తుంది, మళ్లీ శిఖరం వచ్చేలోగా వాల్యూమ్ కంట్రోల్ గుండా కాస్త కారిపోతుంది. చిల్లు పెద్దదైతే ఐఎఫ్ అలలు అలాగే మిగిలిపోతాయి. మరీ చిన్నదైతే పాట ఒక్కసారిగా తగ్గినప్పుడు మట్టం దానితోపాటు దిగలేక వెనకబడుతుంది. నీ విలువలతోనే లెక్క వేసి చూపిస్తాను. 455 కిలోహెర్ట్జ్ తరంగానికి ఒక చుట్టుకి పట్టే కాలం దాదాపు 2.2 మైక్రోసెకన్లు. 5 కిలోహెర్ట్జ్ స్వరానికి 200 మైక్రోసెకన్లు. నువ్వు పెట్టిన 10 నానోఫారడ్లు, 5 కిలోఓంలు గుణిస్తే 50 మైక్రోసెకన్లు. మొదటిదానికన్నా బాగా ఎక్కువ, రెండోదానికన్నా బాగా తక్కువ. సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. హిస్ (బుస్సుమనే చప్పుడు) తగ్గుతుందని ఎవరైనా అక్కడ 0.1 మైక్రోఫారడ్ పెట్టమంటే వినకు. హిస్‌తోపాటు 'స', 'శ' అక్షరాల పదును కూడా పోతుంది, పైగా శబ్దం చీలినట్టు వినిపిస్తుంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, చాలామంది దాటేసి పోతారు, నువ్వు మాత్రం దాటెయ్యకు. డిటెక్టర్‌కి డీసీలో (మారకుండా నిలిచే కరెంటులో) కనిపించే లోడ్ వేరు, శబ్దానికి కనిపించే లోడ్ వేరు. లెక్క తేలికగా ఉండడానికి వాల్యూమ్ కంట్రోల్ 10 కిలోఓంలు అనుకో. దాన్ని పూర్తిగా పెంచినప్పుడు, కప్లింగ్ కెపాసిటర్ తర్వాత ఉన్న ఆడియో ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ మరో 10 కిలోఓంలు అనుకో. డీసీకి లోడ్ 10 కిలోఓంలు, శబ్దానికి రెండూ కలిసి 5 కిలోఓంలే. ఈ రెండింటి నిష్పత్తి సగం కదా, అంటే 50 శాతం మాడ్యులేషన్ (పాట తరంగం ఎత్తుని ఎంత మారుస్తుందో ఆ కొలత) దాకానే ఆ డిటెక్టర్ నిజాయితీగా పనిచేస్తుంది. అంతకు మించి స్టేషన్ గట్టిగా మాడ్యులేట్ చేసిన ప్రతిసారీ తరంగం అడుగు భాగం తెగిపోతుంది. వాల్యూమ్ తగ్గించి వింటే శుభ్రంగా ఉండి, పెంచగానే గరగరలాడే సెట్లలో తప్పంతా స్పీకర్ మీదా, అవుట్‌పుట్ దశ మీదా వేస్తుంటారు. ముందు ఈ నిష్పత్తి చూడాలి. ఆడియో ఇన్‌పుట్‌కి వరుసలో ఒక రెసిస్టర్ పెడితే కాస్త శబ్దం తగ్గినా పాట తెగకుండా వస్తుంది. నన్నడిగితే ఆ బేరం లాభమే.

డయోడ్ రకం గురించి రెండు ముక్కలు. ఓఏ79, 1ఎన్34ఏ లాంటి జర్మేనియం డయోడ్ 0.2, 0.3 వోల్టుల దగ్గరే తలుపు తీస్తుంది. మామూలు సిలికాన్ డయోడ్‌కి 0.6 దాకా కావాలి. అంతకన్నా చిన్న సిగ్నల్ ఉన్న స్టేషన్ దాని ముందు నిలబడి వెనక్కి పోతుంది. జర్మేనియం దొరక్కపోతే షాట్కీ డయోడ్ వాడు, ఇబ్బంది లేదు.

ఇప్పుడు నీ ప్రశ్న అసలు భాగానికి వస్తాను. డయోడ్ ఇచ్చేది పాట ఒక్కటే కాదు. ఆ సగటులో రెండు పొరలున్నాయి. పైన కదులుతున్నది పాట. దాని కింద కదలకుండా నిలబడి ఉన్న డీసీ వోల్టేజి, స్టేషన్ క్యారియర్ (పాటను మోసుకొచ్చే తరంగం) ఎంత బలంగా వస్తోందో చెప్పే కొలత. పాట ఆగి అనౌన్సర్ ఊపిరి తీసుకుంటున్నప్పుడు కూడా క్యారియర్ అలాగే ఉంటుంది కనుక ఆ డీసీ మారదు. పాట పెద్దదా చిన్నదా అన్నదానితో సంబంధం లేకుండా సిగ్నల్ బలాన్ని మాత్రమే చెప్పే కొలత రేడియోలో ఇదొక్కటే. 1925లో హెరాల్డ్ వీలర్ అనే ఇంజనీరు పట్టుకున్నది దీన్నే. డిటెక్టర్ దగ్గర ఊరికే దొరుకుతున్న ఈ డీసీని వెనక్కి పంపి, ముందు దశల గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతాయో దాన్ని) సెట్ తనంతట తానే తగ్గించుకునేలా చేశాడు. ఏజీసీ, అంటే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్, ఇదే. 1929లో ఫిల్కో 95 రేడియోతో అది ఇళ్లలోకి వచ్చింది. అంతకుముందు సిగ్నల్ పెరిగి తగ్గినప్పుడల్లా మనిషి చెయ్యి నాబ్ మీదే ఉండాల్సి వచ్చేది. ఇంత తక్కువ ఖర్చులో ఇంత పెద్ద ఉపకారం చేసిన ఊహ రేడియోలో మరొకటి లేదని నా అభిప్రాయం.

అది అవసరం ఎందుకంటే, ఏరియల్ దగ్గరికి వచ్చే సిగ్నల్‌లో తేడా అంతా ఇంతా కాదు. దూరపు స్టేషన్ కొన్ని మైక్రోవోల్టులు ఇస్తే, ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో ఉన్నప్పుడు అది పదుల మిల్లీవోల్టుల దాకా పోవచ్చు. దూరపుదానికి సరిపోయే గెయిన్‌తో దగ్గరిదాన్ని పెంచితే చివరి ఐఎఫ్ ట్రాన్సిస్టర్ తట్టుకోలేదు. తరంగం తల తెగిపోతుంది, తెగిన చోట ఉన్న పాట కూడా పోతుంది. నువ్వు విన్న బొంగురు అదే.

మరి గెయిన్ ఎలా తగ్గుతుంది? ట్రాన్సిస్టర్ గెయిన్ దాని కలెక్టర్ కరెంటుని బట్టి ఉంటుంది. 1 మిల్లీయాంపు దగ్గర ఎంత పెంచుతుందో, 0.1 దగ్గర దాదాపు పదో వంతే పెంచుతుంది. కాబట్టి మొదటి ఐఎఫ్ ట్రాన్సిస్టర్ బేస్ బయాస్‌ని (దాన్ని తెరిచి ఉంచే చిన్న వోల్టేజిని) తగ్గిస్తే చాలు. నీ సెట్ ట్రాన్సిస్టర్ బీఎఫ్195, ఎన్‌పీఎన్ రకం. దాని బయాస్ తగ్గాలంటే డిటెక్టర్ నుంచి వచ్చే డీసీ నెగెటివ్ వైపు పోవాలి. అందుకే డయోడ్ క్యాథోడ్ ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ వైపు, ఆనోడ్ వాల్యూమ్ కంట్రోల్ వైపు గీశారు. పాత జర్మేనియం పీఎన్‌పీ సెట్లలో ఇది సరిగ్గా తలకిందులుగా ఉంటుంది, వాటిని చూసి నీ బోర్డు మార్చకు.

నువ్వు తిప్పి పెట్టినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు నీకే తెలుస్తుంది. పాటకి ఏ సగమైనా ఒకటే కనుక పాట వచ్చింది. కానీ డీసీ పాజిటివ్ అయింది. బలమైన స్టేషన్ వచ్చిన కొద్దీ మొదటి ఐఎఫ్ కరెంటు తగ్గాల్సింది పోయి పెరిగింది. గెయిన్ తగ్గాల్సిన చోట గ్యాస్ పెంచినట్టయింది వ్యవహారం. ఇంకో నష్టం కూడా ఉంది. మామూలు వైపు ఉన్నప్పుడు బయాస్ లైను నుంచి కొద్దిపాటి కరెంటు ఏజీసీ రెసిస్టర్ గుండా డయోడ్‌లోకి పారి, దాన్ని సగం తెరిచిన తలుపులా సిద్ధంగా ఉంచుతుంది. తిప్పి పెడితే అదే వోల్టేజి తలుపు మూసేస్తుంది, మరీ నీరసంగా వచ్చే స్టేషన్లు అసలు వినిపించవు. మధ్యస్థంగా వచ్చే స్టేషన్లతోనే పరీక్షించి ఉంటావు, అందుకే తేడా కనబడలేదు.

ఏజీసీ లైనులో ఉన్న 10 కిలోఓంల రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ ఎందుకంటావా? పాటను వడకట్టి డీసీని మాత్రమే బేస్‌కి పంపడానికి. రెండూ గుణిస్తే 0.1 సెకను. ఈ కాలం మీద చేయి వేసేముందు ఆలోచించాలి. కెపాసిటర్ మరీ చిన్నదైతే ఏజీసీ పాటలోని మంద్ర స్వరాలను కూడా సిగ్నల్ హెచ్చుతగ్గులనుకుని చదును చేసేస్తుంది, బాస్ పోతుంది. 100 మైక్రోఫారడ్లు పెడితే కాలం ఒక సెకను అవుతుంది. అప్పుడు బలమైన స్టేషన్ నుంచి పక్కనున్న బలహీనమైనదానికి నాబ్ తిప్పితే సెట్ కాసేపు మూగబోయి, తర్వాత మెల్లగా తేరుకుంటుంది. 10 దగ్గరే ఉండనియ్యి. పాత సెట్ రిపేరుకి వస్తే మాత్రం ఈ కెపాసిటర్‌నే మొదట అనుమానించు. ఎండిపోతే ఈలలు, బుడబుడలు వస్తాయి. షార్ట్ అయితే బయాస్ మొత్తం భూమిలోకి పోయి ఐఎఫ్ చచ్చిపోతుంది, నువ్వు ట్రాన్సిస్టర్ పోయిందనుకుంటావు.

ఏజీసీ పనిచేస్తోందో లేదో చెవితో తేల్చడానికి ప్రయత్నించకు, మీటర్‌తో తేల్చు. డిజిటల్ మీటర్ నెగెటివ్ ప్రోబ్ గ్రౌండ్‌కి, పాజిటివ్ ప్రోబ్ మొదటి ఐఎఫ్ ట్రాన్సిస్టర్ ఎమిటర్‌కి పెట్టు. నీ ఎమిటర్ రెసిస్టర్ 680 ఓంలు కనుక, స్టేషన్ లేని చోట కరెంటు 1 మిల్లీయాంపు ఉంటే మీటర్ 0.68 వోల్టులు చూపాలి. నాబ్‌ని మెల్లగా తిప్పుతూ స్టేషన్ మీదికి రా. అంకెలు 0.6, 0.5, 0.4 అంటూ దిగుతూ, స్టేషన్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు అన్నిటికన్నా తక్కువకొచ్చి, దాటగానే మళ్లీ ఎక్కుతాయి. దగ్గరి స్టేషన్ మీద 0.2కో, ఇంకా కిందికో పోవచ్చు. అంకెలు దిగే బదులు ఎక్కితే డయోడ్ తిరగబడి ఉంది. అసలు కదలకపోతే ఏజీసీ లైను ఎక్కడో తెగింది.

ఐఎఫ్‌టీ (ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్) కోర్లు తిప్పేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకో. బలమైన స్టేషన్ పెట్టి చెవితో ట్యూన్ చేస్తే కోరు ఎటు తిప్పినా శబ్దం పెద్దగా మారదు, ఎందుకంటే నువ్వు పెంచిన గెయిన్‌ని ఏజీసీ వెంటనే తగ్గించేస్తుంది. వీలైనంత బలహీనమైన సిగ్నల్ తీసుకో, లేదా ఎమిటర్ వోల్టేజి కనిష్ఠానికి వచ్చేలా తిప్పు. నేనైతే రెండోదే చేస్తాను.

ఏజీసీ అన్ని స్టేషన్లనీ ఒక్క మట్టంలోకి తెస్తుందని ఆశపడకు. డిటెక్టర్ దగ్గర డీసీ కాస్తయినా పెరిగితేనే గెయిన్ తగ్గుతుంది, కాబట్టి బలమైన స్టేషన్ ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే వినిపిస్తుంది. సిగ్నల్ వెయ్యి రెట్లు పెరిగినప్పుడు శబ్దం మూడు రెట్ల దగ్గర ఆగితే ఆ సెట్ బాగున్నట్టే. మొదటి ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకో డయోడ్ గీసి ఉండి, నువ్వు ఖాళీగా వదిలేశావు చూడు, అది కూడా పెట్టు. ఏజీసీ వల్ల ఐఎఫ్ కరెంటు బాగా తగ్గి కలెక్టర్ వోల్టేజి పెరిగినప్పుడు ఆ డయోడ్ తెరుచుకుని ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ని లోడ్ చేస్తుంది. దగ్గరి స్టేషన్ ఒత్తిడికి ఒక్క ట్రాన్సిస్టర్ చాలనప్పుడు అదే ఆదుకుంటుంది.

స్టేషన్ల మధ్య హిస్ ఎక్కువగా ఉందని రాశావు. అది దోషం కాదు. సిగ్నల్ లేదు కాబట్టి గెయిన్ పూర్తిగా పైకి పోయింది, అంతే.

రాత్రిపూట దూరపు స్టేషన్ ఒక్కోసారి ముద్దముద్దగా, చిరిగినట్టు వినిపిస్తుంది. దానికోసం సెట్ విప్పకు. అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను కిందికి తిప్పి పంపే పై వాతావరణ పొర) నుంచి వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నప్పుడు క్యారియర్ పడిపోయి, పక్కన పాట మోసుకొచ్చే సైడ్‌బ్యాండ్లు మాత్రం మిగలొచ్చు. క్యారియర్ తగ్గిందని ఏజీసీ గెయిన్ పెంచుతుంది, దాంతో ఆ చెడిన పాటే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. డయోడ్ డిటెక్టర్ దీన్ని సరిచేయలేదు. క్యారియర్‌ని సెట్‌లోనే తయారుచేసుకునే సింక్రోనస్ డిటెక్టర్ కావాలి, ఆ పని ఈ సెట్ పూర్తయ్యాక మొదలుపెడదాం.

ముందు డయోడ్ సరిచెయ్యి. తర్వాత ఎమిటర్ దగ్గర మూడు రీడింగులు తీసి రాసి పంపు: స్టేషన్ లేనప్పుడు, నీరసంగా వచ్చే స్టేషన్ మీద, దగ్గరి స్టేషన్ మీద. అంకెలు సరిగ్గా దిగుతున్నా బొంగురు పోకపోతే, వాల్యూమ్ తగ్గించినప్పుడు అది తగ్గుతోందో లేదో చూసి, ఆడియో మొదటి ట్రాన్సిస్టర్ చుట్టూ పెట్టిన విలువలు కూడా రాయి.

మీ పెదనాన్న