సొంత జేసీబీయా, సబ్ కాంట్రాక్టా?

ప్రశ్న: గుణుపురం పరిసరాల్లో రోడ్డు పనులు చేస్తున్నాను. ఏడాదికి 900 గంటల జేసీబీ పని ఉంటుంది, అద్దె గంటకు రూ.1,200. సొంతంగా నడిపితే డీజిలు, డ్రైవరు, మరమ్మతులకు గంటకు రూ.700 అవుతుంది, కానీ నెల వాయిదా రూ.60,000. కొనమంటారా?
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: ఇప్పుడే కొనవద్దండి. గంటకు మిగిలే రూ.500తో ఏడాది వాయిదాలు రూ.7,20,000 తీరాలంటే బండి 1,440 గంటలు నడవాలి. పైగా వానాకాలంలో వంశధార తీరాన మట్టిపని ఆగినా వాయిదా ఆగదు. ఆదాయపు పన్నులో 15 శాతం తరుగుదల (యంత్రం విలువ ఏటా తగ్గినందుకు ఆదాయం లెక్కలో తీసేసే మొత్తం) వస్తుందని ఆశపడి అప్పు చేయడం నాకు సమ్మతం కాదు. మట్టిపనిని ఘనపు మీటరు లెక్కన సబ్ కాంట్రాక్టుకు ఇస్తే జాప్యం వల్ల కలిగే నష్టం మీపై తక్కువగా పడుతుంది, అయితే నాణ్యతకు శాఖ ముందు జవాబుదారీ మీరే. గంటల అద్దెకు తీసుకుంటే మాత్రం ప్రతి సాయంత్రం అవర్ మీటరు (బండి నడిచిన గంటలు చూపే మీటరు) రీడింగు రాసి, డ్రైవరు చేత సంతకం చేయించండి.