తిరుపతి కార్పొరేషన్ సమావేశంలో మామూలు జనం లేచి మాట్లాడొచ్చా?

కుదరదు. కౌన్సిల్లో మాట్లాడే హక్కు కార్పొరేటర్లకు, ఎక్స్ అఫీషియో (ఎమ్మెల్యే, ఎంపీ లాంటి, పదవి రీత్యా వచ్చే) సభ్యులకు, కో-ఆప్షన్ సభ్యులకు ఉంటుంది, మామూలు జనానికి కాదు. సభ నడిపేది మేయర్, తీర్మానం అమలు చేసేది కమిషనర్.

అసలు కీలకం అజెండా. మీ వీధి కాలువ అందులో లేకపోతే సభలో ఎంత గొడవ జరిగినా తీర్మానం దాకా రావడం కష్టం. అందుకే కార్పొరేటర్‌ని పట్టుకోవాల్సింది సమావేశం రోజు కాదు, అజెండా తయారయ్యే ముందే. చివర్లో తెచ్చే టేబుల్ అజెండాతో జాగ్రత్త, సభ్యులకే చదివే వ్యవధి ఉండదు. నాకైతే ఆ పద్ధతే నచ్చదు.

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు గానీ అది అధికారుల దారి. తీర్మానం నకలుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇవన్నీ ఎన్నికైన కౌన్సిల్ ఉంటేనే లెండి. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయినా, 2021 దాకా ఎన్నికలే జరగలేదు.